పిల్లల హ్రస్వదృష్టి: తల్లిదండ్రులు తెలుసుకోదగిన సంగతులు

అన్ని ఇంద్రియాలలోకీ కన్ను ముఖ్యమన్నారు మన పెద్దలు. అయినా పిల్లవాడికి జ్వరం వస్తే డాక్టరు దగ్గరకు పరుగెత్తే మనం, వాడి చూపు తగ్గిన సంగతి మాత్రం ఏడాదికిగాని గమనించం. నల్లబల్ల మీది అక్షరాలు కనబడక పక్కవాడి పుస్తకం చూచి రాసుకొంటూంటే, పరాకు ఎక్కువని కోప్పడతాం. దూరాన ఉన్నవాటిని కళ్ళు చికిలించి చూడటం, టెలివిజనుకు మరీ దగ్గరగా కూర్చోవడం, మాటిమాటికీ కళ్ళు నులుముకోవడం కనబడితే పరీక్ష చేయించడం మంచిది.

మనం సైటు అని చెప్పుకొనే ఈ లోపానికి హ్రస్వదృష్టి అని పేరు. దగ్గరివి బాగా కనబడతాయి. దూరపువి మసకగా ఉంటాయి. కనుగుడ్డు ఉండవలసిన దానికంటె పొడవుగా పెరగడం ఇందుకు ముఖ్యకారణం. పెద్దవారి కనుగుడ్డు సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. అంతకంటె ఒక్క మిల్లీమీటరు పెరిగితే చాలు, రెండున్నర నుంచి మూడు నంబరు దాకా కళ్ళజోడు అవసరమవుతుంది.

పూర్వం అక్షరాల అట్ట చదివించి, నంబరు రాసి ఇస్తే పని అయిపోయేది. మామూలు కళ్ళజోడు చూపును సరిచేస్తుంది గాని, కనుగుడ్డు పెరుగుదలను ఆపదు. నంబరు ఆరు దాటినవారికి ముందుముందు కంటి లోపలి పొర ఊడిరావడం, నీటికాసులు వంటి ప్రమాదాలు ఎక్కువ. అందుకే 2021లో ప్రపంచ ఆప్టోమెట్రీ మండలి ఈ విషయమై తీర్మానం చేసి, ఆప్టోమెట్రిస్టులకు మూడు పనులు చెప్పింది: రాకుండా చూడటం, సరిగా కొలవడం, పెరుగుదలను అరికట్టడం.

రాకుండా చూడటానికి మందు ఆరుబయలే. చైనాలోని గ్వాంగ్జౌ నగరంలో కొన్ని బడులలో రోజూ 40 నిమిషాలు అదనంగా పిల్లలను బయట ఉంచారు. 2015లో ప్రకటించిన ఫలితం ఇది: మూడేళ్ళలో కొత్తగా సైటు వచ్చినవారు ఆ బడులలో 30.4 శాతం, మామూలు బడులలో 39.5 శాతం. తైవానులో 2010 నుంచి రోజుకు రెండు గంటలు పిల్లలను బయట తిప్పే పథకం నడిపారు.

ఇక కొలవడం. చిన్నపిల్లల కన్ను దగ్గరి చూపుకు బిగిసిపోయి నంబరును తప్పుగా చూపవచ్చు. అందుకని చుక్కలమందు వేసి, ఆ బిగువు సడలిన తరువాత పరీక్షిస్తారు. కనుగుడ్డు పొడవును యంత్రంతో కొలిచి, కొన్ని నెలల కొకసారి పోల్చి చూస్తారు.

పెరుగుదల వేగంగా ఉంటే మార్గాలున్నాయి. నడుమ మామూలుగా, చుట్టూ సన్నని కటకాలతో ఉండే ప్రత్యేకమైన కళ్ళజోళ్ళు వచ్చాయి. పగలు పెట్టుకొనే మెత్తని కాంటాక్ట్ లెన్సులు, రాత్రి పెట్టుకొని ఉదయం తీసివేసే గట్టి లెన్సులు కూడా ఉన్నాయి. వీటికి శుభ్రత మరీ ముఖ్యం. కంటి డాక్టరు రాసి ఇచ్చే పలుచని అట్రోపిన్ చుక్కలు మరొక మార్గం. హాంకాంగులో జరిగి 2019లో ప్రకటించిన పరిశోధనలో 0.05 శాతం చుక్కలు, అంతకంటె పలుచనివాటికన్న బాగా పనిచేశాయి. ఇవన్నీ వేగాన్ని తగ్గించేవే. పెరిగిన కనుగుడ్డును వెనుకకు తెచ్చేవి కావు.

కళ్ళజోడు పెడితే సైటు ఇంకా పెరుగుతుందనీ, తక్కువ నంబరు ఇస్తే మేలనీ చాలా ఇళ్ళలో నమ్మకం. మలేసియాలో జరిగి 2002లో ప్రకటించిన పరిశోధనలో, తక్కువ నంబరు ఇచ్చిన పిల్లలకే లోపం త్వరగా పెరిగింది. ఆడపిల్లకు కళ్ళజోడేమిటి, పెళ్ళి కావద్దా అని దాచిపెట్టడం మరీ అన్యాయం. నలుగురూ ఏమంటారోనన్న బెంగ మనది. చదువూ చూపూ పోగొట్టుకొనేది ఆ పిల్ల.

వైద్యసహాయానికి మనం దూరదేశాలు పోనక్కరలేదు. చెన్నైలో ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ 1985లో వెలసింది. హైదరాబాదులో 1987లో నెలకొన్న నేత్రవైద్య సంస్థకు, చెన్నైలో స్థిరపడిన మన చలనచిత్ర ప్రముఖుడు ఎల్. వి. ప్రసాద్ గారి పేరే పెట్టారు.

తల్లిదండ్రులిద్దరికీ సైటు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మరింత ఎక్కువ. అటువంటివారు బడిలో చేర్చేటప్పుడే ఒకసారి, ఆపైన ఏటేటా కంటి పరీక్ష చేయించాలి. సాయంత్రంపూట చేతిలోని ఫోను తీసుకొని, బంతి ఇచ్చి వీధిలోకి పంపాలి. దానికి ఖర్చేమీ లేదు.