చెనిక్కాయ మొక్కకి ఉప్పు ఎలా తెలుస్తుంది?

నంబులపూలకుంట పేరు చెబితే బయటి వాళ్లకి రెండు గుర్తొస్తాయి. ఒకటి గూటిబయలులోని తిమ్మమ్మ మర్రిమాను. ఎకరాల కొద్దీ ఊడలు దింపి 1989లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కిన చెట్టు అది. రెండోది కనుచూపు మేర పలకలు పరుచుకున్న సోలార్ పార్కు. ఊళ్లో వాళ్లని అడిగితే మాత్రం ఊడలు దింపే మొక్క ఇంకొకటి ఉందంటారు. అదే చెనిక్కాయ, పుస్తకాల్లో వేరుశనగ.

మర్రి ఊడలు దింపేది కొమ్మల్ని మోయడానికి. చెనిక్కాయ ఊడ దింపేది కాయ కాయడానికి. పచ్చటి పువ్వు వాడిపోయాక దాని మొదట్లోంచి సన్నటి ఊడ బయలుదేరి, కిందికి వంగి, మట్టిలోకి దూరి, చీకట్లో బుడ్డగా మారుతుంది. అంటే ఈ మొక్క వేరూ మట్టిలోనే, కాయా మట్టిలోనే. ఆ మట్టిలో ఉప్పు చేరితే దెబ్బ రెండు వైపులా తగులుతుంది.

సముద్రం లేని చోట ఉప్పెక్కడిది?

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మిగతా భారమంతా బోరు మీదే. రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి ఉన్న నీళ్లలో లవణాలు కరిగి ఉంటాయి. అన్ని బోర్లూ ఒకలా ఉండవు. పక్కపక్క పొలాల్లోనే ఒక బోరు తియ్యగా, ఇంకోటి చప్పగా ఉండొచ్చు. నీళ్లలో ఎంత ఉప్పుందో ‘ఈసీ’ అనే కొలతతో చెబుతారు. ఈసీ అంటే నీటిలోంచి కరెంటు ఎంత సులువుగా పారుతుందన్న లెక్క. ఉప్పు ఎక్కువైతే ఈసీ కూడా పెరుగుతుంది.

చిన్న లెక్క వేద్దాం. ఈసీ 2 ఉన్న నీళ్లంటే లీటరుకు సుమారు 1.3 గ్రాముల లవణాలు. ఎకరాకు 5 సెంటీమీటర్ల ఎత్తున ఒక తడి ఇస్తే దాదాపు 2 లక్షల లీటర్లు. అంటే ఆ ఒక్క తడితోనే పొలంలోకి సుమారు 250 కిలోల లవణాలు వచ్చి పడ్డట్టు. 50 కిలోల మూటలు ఐదు! ఇదంతా వంటింటి ఉప్పే కాదు, రకరకాల లవణాలు కలిసి ఉంటాయి. నీళ్లు ఎండకి ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. గట్టి వాన పడి కిందికి కడిగితేనే పోవాలి. ఆ వానే ఇక్కడ కరువు.

మొదటి దెబ్బ దాహం

మాగాయ పెట్టేటప్పుడు చూసే ఉంటారు. మామిడి ముక్కలకి ఉప్పు కలిపి పెడితే తెల్లారేసరికి జాడీలో ఊట ఊరుతుంది. ముక్కలోని నీళ్లని బయటి ఉప్పు లాగేసిందన్నమాట. ఇంటర్లో బైపీసీ చదివిన వాళ్లకి ‘ద్రవాభిసరణం’ అనే మాట గుర్తుండే ఉంటుంది, అది ఇదే. ఉప్పు మట్టిలో వేరుకీ ఇదే కష్టం. మట్టిలో తడి ఉన్నా వేరుకి అందదు. అందుకే ఉప్పు పొలంలో మొక్క నీళ్లలో నిలబడి కూడా ఎండిన దానిలా ఉంటుంది.

రెండో దెబ్బ తర్వాత మెల్లగా వస్తుంది. సోడియం వేరు గుండా లోపలికి చేరి, ఆకుల్లో రోజురోజుకీ పేరుకుని, పొటాషియం చేయాల్సిన పనులకి అడ్డుపడుతుంది. మొదటిది దాహమైతే రెండోది విషం.

నాలుక లేకుండా రుచి

మరి మొక్కకి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? చాలాకాలం శాస్త్రవేత్తలకీ ఇది చిక్కుప్రశ్నే. ఆవాల కుటుంబంలో ‘అరబిడాప్సిస్’ అని ఒక చిన్న మొక్క ఉంది, ల్యాబుల్లో ప్రయోగాలన్నీ దాని మీదే. 2019లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన జెన్-మింగ్ పెయ్ బృందం దానిలో ఒక ఆచూకీ పట్టింది. కణం చుట్టూ ఉండే పొరలో కొన్ని ప్రత్యేకమైన కొవ్వు పదార్థాలు ఉంటాయి. సోడియం వచ్చి వాటికి అతుక్కోగానే పొరలో కాల్షియం దారులు తెరుచుకుంటాయి. కాల్షియం ఒక్కసారిగా కణం లోపలికి వస్తుంది. మొక్కకి అదే అలారం.

ఆ అలారం వేరు కొన దగ్గరే ఆగిపోదు. వేరుకి ఒక చోట ఉప్పు తగిలితే కాల్షియం అల ఒకటి కణం నుంచి కణానికి పాకుతూ పైకి వెళ్తుందని 2014లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సైమన్ గిల్‌రాయ్ బృందం చూపించింది. దాని వేగం సెకనుకు సుమారు 0.4 మిల్లీమీటర్లు. తక్కువే అనిపిస్తుందా? నిమిషానికి రెండు సెంటీమీటర్లు దాటుతుంది. చిన్న మొలకలో ఒకటి రెండు నిమిషాల్లోనే ఆకులకి కబురు చేరిపోయినట్టే. నరాలు లేని మొక్క చేసే పని ఇది!

అలారం మోగాక

కాల్షియం కబురు అందగానే లోపల ఒక చిన్న దళం కదులుతుంది. దాని పేరు ఎస్‌ఓఎస్. 1990ల్లో ఆరిజోనా విశ్వవిద్యాలయంలో జియాన్-కాంగ్ ఝు బృందం, కాస్త ఉప్పుకే కుదేలయ్యే అరబిడాప్సిస్ మొక్కల్ని వెతికి, వాటిలో ఏ జన్యువు చెడిందో పట్టుకుంది. అలా బయటపడినవే ఈ ఎస్‌ఓఎస్ జన్యువులు. ఒకటి కాల్షియాన్ని గుర్తుపడుతుంది. రెండోది ఆ కబురు అందుకుని మూడోదాన్ని తట్టి లేపుతుంది. ఆ మూడోది పంపులాగా సోడియాన్ని కణం బయటికి తోస్తుంది. వరి, గోధుమ, టమాటాల్లోనూ ఈ ఏర్పాటు ఉంది.

బయటికి తోయగా మిగిలిన సోడియాన్ని కణంలో సంచి లాంటి గదిలో (రిక్తిక) పెట్టి మూసేస్తుంది. వేరు నుంచి పైకి వెళ్లే నీళ్లలోంచి సోడియాన్ని మధ్యలోనే లాగేసే కాపలా ఇంకొకటి. గోధుమ బంధువైన ఒక పాత పంట నుంచి ఇలాంటి జన్యువునే తెచ్చి, 2012లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఉప్పు పొలంలో డ్యూరమ్ గోధుమ దిగుబడి 25 శాతం పెంచి చూపించారు.

ఇవన్నీ చేస్తూనే మొక్క ఆకుల రంధ్రాలు మూసుకుని నీళ్లు పోకుండా చూసుకుంటుంది. వేళ్లని ఉప్పు తక్కువున్న వైపుకి తిప్పుకుంటుంది కూడా. టమాటా, జొన్న వేళ్లు ఇలా పక్కకి తిరగడాన్ని 2013లో నెదర్లాండ్స్ పరిశోధకులు గమనించారు.

అయితే ఏదీ ఊరికే రాదు. పంపు నడవాలంటే శక్తి కావాలి. ఆకుల రంధ్రాలు మూస్తే గాలి లోపలికి రాదు, ఆహారం తయారీ తగ్గుతుంది. బుడ్డ నిండడానికి పోవాల్సినదంతా ఉప్పుతో పోరాటానికి పోతుంది. మీ కంటికి ఆకు చివర మాడినట్టు కనిపించే నాటికి మొక్క చాలా రోజులుగా ఆ ఖర్చు పెడుతూనే ఉంది. దిగుబడి అప్పటికే తగ్గిపోయింది.

చెనిక్కాయకి ఓపిక తక్కువ

ఏ పంట ఎంత ఉప్పుని తట్టుకుంటుందో 1977లో మాస్, హాఫ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పట్టిక వేశారు. ఇప్పటికీ అదే ఆధారం. మట్టి ఈసీ 7.7 వరకు పత్తి దిగుబడి తగ్గదు. వరి 3 దగ్గరా, వేరుశనగ 3.2 దగ్గరా తగ్గడం మొదలవుతాయి. ఇంతవరకు రెండూ ఒకటే. ఆ తర్వాతే తేడా. ఈసీ ఒక్క యూనిట్ పెరిగితే వరి 12 శాతం పోగొట్టుకుంటుంది, వేరుశనగ 29 శాతం! వరి సగానికి పడిపోవడానికి ఈసీ 7 దాటాలి. వేరుశనగకి 5 చాలు.

దీనికి తోడు ఊడ కష్టం వేరే ఉంది. బుడ్డకి కావాల్సిన కాల్షియం వేరు నుంచి రాదు. వేరు పీల్చిన కాల్షియం నీళ్లతో పాటు పైకి, ఆకులకి వెళ్లిపోతుంది, మళ్లీ కిందికి దిగదు. అందుకే ఊడ, లేత బుడ్డ తమ చుట్టూ ఉన్న మట్టిలోంచి నేరుగా తీసుకోవాలి. ఆ మట్టిలో సోడియం నిండితే కాల్షియం అందడం కష్టమవుతుంది. పైన మొక్క పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే తాలు బుడ్డలు.

ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేసి మట్టి ఎగదోయమని అధికారులు చెప్పేది ఇందుకే. జిప్సం అంటే కాల్షియం, గంధకం. బుడ్డ నిండడానికీ, మట్టిని అంటుకున్న సోడియాన్ని వదిలించడానికీ పనికొస్తుంది.

ఒక బాటిల్ చాలు

చౌడు రెండు రకాలు. పైన తెల్లగా ఉప్పు పేరితే పాల చౌడు. దాన్ని మంచి నీళ్లు నిలగట్టి, కిందికి ఇంకించి కడగాలి. తడిస్తే జిగటగా, ఎండితే గట్టిగా ఉండి నీరు ఇంకకపోతే కారు చౌడు. దానికి జిప్సం వేయాలి, జీలుగ పెంచి కలియదున్నాలి. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే డబ్బులు దండగ. ఏది ఏదో తేల్చేది పరీక్షే.

అందుకే ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక పని చేయండి. బోరు మోటరు అరగంట నడవనివ్వండి. శుభ్రమైన ప్లాస్టిక్ బాటిల్‌ని ఆ నీళ్లతోనే రెండు మూడుసార్లు కడిగి నింపండి. పొలంలో నాలుగైదు చోట్ల జానెడు లోతు మట్టి తీసి కలిపి అరకిలో పక్కన పెట్టండి. రెండిటినీ మండల వ్యవసాయాధికారికి ఇస్తే పరీక్షకి పంపుతారు. రిపోర్టులో ఈసీ, పీహెచ్ అంకెలు చూడండి. మట్టి ఈసీ ఎక్కువగా ఉంటే జాగ్రత్తపడాలి. పీహెచ్ 8.5 దాటితే కారు చౌడుగా మారుతోందని అనుమానించాలి. ఆ కాగితం పట్టుకుని, చెనిక్కాయకి పేరున్న కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానంలో అడగండి.

ఉప్పు తగిలిన నిమిషాల్లోనే మొక్క తనలో తాను కబురు చెప్పుకుంటుంది. నాన్నకి ఆ కబురు చేరాలంటే మాత్రం ఆ బాటిల్ ల్యాబుకి వెళ్లాలి, అదీ విత్తనం కొనకముందే.