వరస మద్రాసుది... మాట రావులపాలెంది!

మీరెప్పుడైనా రాజమండ్రి నుంచి తణుకు వెళ్ళే బస్సెక్కారా? జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటీ దాటగానే రావులపాలెం వస్తుంది. వూరు దాటితే వశిష్ఠ, దాని అవతల సిద్ధాంతం. రెండు గోదారుల నడుమ, హైవే మీద, కోనసీమకి గుమ్మంలా కూచున్న వూరు మాది. బస్సు ఆగిన రెండు నిమిషాల్లో కిటికీలోంచి ఓ అరటి అత్తం లోపలికి వస్తుంది, ఓ నోటు బయటికి వెళుతుంది. బస్సు కదులుతుంది. ప్రయాణీకుల లెక్కలో రావులపాలెం అంటే అంతే.

బస్సు వెళ్ళిపోయాక ఆ పళ్ళమ్మిన మనిషి ఏం పాడుకుంటూ నీడలోకి వెళ్ళి కూచుంటాడో వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు గనక యీ వ్యాసం.

సినిమా పత్రికకి రావులపాలెం గొడవ యెందుకయ్యా అని ఎడిటరుగారు అడక్కముందే మనవి చేసుకుంటున్నాను. యిది సినిమా పాటల సంగతే! కాకపోతే సినిమా వాళ్ళకి తెలియని సినిమా పాటల సంగతి. వరస సినిమాది. మాటలు మాత్రం యింట్లో కట్టినవి. వరదొచ్చినా, తుఫానొచ్చినా, నోట్లు రద్దయినా, జిల్లా పేరు మారినా, వారం తిరక్కుండా ఏదో ఒక హిట్ పాట వరసలో ఆ సంగతంతా మా వీధుల్లో తిరిగేది. రాసినవాళ్ళ పేరుండదు. అచ్చు లేదు, రికార్డు అంతకన్నా లేదు. నచ్చితే నాలుగు వీధులు తిరుగుతుంది, నచ్చకపోతే ఆ గుమ్మంలోనే ఆగిపోతుంది. సెన్సారు బోర్డు కూడా వీధే.

మా వూళ్ళో వార్త ముందు దిగేది అరటి మార్కెట్ యార్డులో. తెల్లారకుండానే లంకల్నుంచి సైకిళ్ళ మీద గెలలు కట్టుకుని రైతులొస్తారు. కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, కూరకి బొంత... సైకిలు కనపడదు, తొక్కేవాడూ కనపడడు, గెలలే నడిచి వస్తున్నట్టుంటుంది. ఒడిశా వెళ్ళే లారీ, తమిళనాడు వెళ్ళే లారీ పక్కపక్కనే నించుంటాయి. బేరం సాగినంతసేపూ కబుర్లే. ఆ కబుర్లు మధ్యాహ్నానికి మగవాళ్ళతో పాటు యిళ్ళకి చేరతాయి. అక్కణ్ణించి ఆడవాళ్ళ చేతిలో పడతాయి. యిహ చూస్కోండి!

కుట్టుమిషను మీద పుట్టిన పల్లవి

మా వీధిలో ఓ పిన్ని వుంది. నాకే కాదు, వీధి వీధికంతటికీ పిన్నే. పేరు రాయొద్దంది, రాయను. అరవై దాటింది. జాకెట్లు కుడుతుంది. పుట్టిల్లు లంకలో, మెట్టినిల్లు రావులపాలెంలో. బాబిన్‌కి దారం చుట్టినంతసేపట్లో పల్లవి కడుతుంది. చేతులకి గుండీలు కుట్టేలోపు చరణం.

1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరద నేను పుట్టకముందు సంగతి. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు... యీ అంకెలు నేను పెద్దయ్యాక పేపర్లలో చదువుకున్నవి. వరద మాత్రం నాకు అంతకుముందే తెలుసు, పిన్ని పాటలో. అప్పటికి ఆవిడ కొత్త పెళ్ళికూతురు, పుట్టింట్లో వుంది:

జెండా పండగ మిఠాయింకా చేతిలోనే వుందమ్మా
గోదారమ్మ చుట్టంలాగ గుమ్మంలోకొచ్చిందమ్మా
కాళ్ళకి నీళ్ళిద్దామంటే కాళ్ళే నీళ్ళమ్మా తనకి!

భద్రాచలంలో వరద ఆ స్థాయికి చేరింది ఆగస్టు 16న. జెండా పండగ మర్నాడు. తారీఖు యెవరూ బట్టీ పట్టక్కర్లేదు, మిఠాయి చెప్పేస్తోంది. యింటికొచ్చిన వాళ్ళకి కాళ్ళు కడుక్కోడానికి చెంబుతో నీళ్ళిచ్చే మర్యాద గోదారి దగ్గర యెలా ఓడిపోయిందో చూశారా! యిది హుషారైన డ్యూయెట్ వరసలో పాడుతుంది. "వరదకి హుషారు వరసేమిటి పిన్నీ?" అని అడిగాను.

"ఏడుపు సంగతికి ఏడుపు వరస పెట్టకూడదురా అబ్బాయ్! పెడితే జనం వరసకి ఏడుస్తారు. మాట వినరు" అంది.

యిన్నేళ్ళుగా సినిమా పాటల మీద వ్యాసాలు చదువుతున్నాను, కొన్ని రాశాను. యింత సూటిగా యెవరూ చెప్పగా వినలేదు.

2016 నవంబరులో వెయ్యి నోటూ, అయిదువందల నోటూ రద్దయినప్పుడు మా వీధి మగవాళ్ళంతా బ్యాంకు దగ్గర క్యూలో వున్నారు. ఆడవాళ్ళ సమస్య వేరు. పోపులడబ్బాలో, బియ్యం డ్రమ్ములో, చీరల మడతల్లో మొగుడికి తెలియకుండా దాచిన నోట్లు బయటపెట్టక తప్పలేదు. పేపర్లు క్యూల గురించి రాశాయి. పిన్ని డబ్బా గురించి కట్టింది:

ఢిల్లీలో ఓ మాటన్నారు, డబ్బా మూత లేచింది
మెంతుల కింద దాచిన గుట్టు మావకి తెలిసిపోయింది

తరవాతి చరణంలో ఆ మావ తిట్టడు. "యిన్నాళ్ళూ మెంతులెందుకు అయిపోవడం లేదా అనుకున్నా" అంటాడు. వీధి అంతా పడీపడీ నవ్వింది. నవ్వినవాళ్ళలో సగంమంది డబ్బాలు అప్పటికే ఖాళీ అయ్యాయి.

1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర బ్లోఅవుటై 65 రోజులు మంట ఆరకపోతే దాని మీద కట్టింది. 2020లో లాక్‌డౌను పెట్టి లారీలు రాక, కొనే నాథుడు లేక, గెలలు చెట్టునే పండిపోయినప్పుడూ కట్టింది. అది జోలపాట వరస. అరటిచెట్టు తన గెలని జోకొడుతుంది అందులో. రైతులు ఆ పాట పాడొద్దన్నారట. పిన్ని పాడడం మానేసింది. తన పాట వల్ల ఒకరి కడుపు మండుతుంటే ఆపెయ్యాలి, అంతేనని ఆవిడ లెక్క.

ఆస్కార్ మెట్ల మీద మన అలవాటు

వరస ఒకరిది, మాట మనది అంటే మనవాళ్ళలో కొందరికి చిన్నచూపు. "పేరడీ" అని పెదవి విరుస్తారు. జరుక్ శాస్త్రిగారు పేరడీతోనే సాహిత్యంలో పెద్దపీట వేయించుకున్నారని మరిచిపోతారు. సరే, సాహిత్యం వదిలేద్దాం, సినిమాకే వద్దాం.

2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద కీరవాణిగారు ఏం చేశారో గుర్తుందా? అందరూ కాగితం తీసి కృతజ్ఞతలు చదివే చోట, చిన్నప్పట్నుంచీ తాను విన్న కార్పెంటర్స్ వారి పాట వరస యెత్తుకుని, అందులో తన మాటలు పెట్టి పాడారు. లోకమంతా ముచ్చటపడింది. మా వీధిలో మాత్రం యెవరికీ ఆశ్చర్యం కలగలేదు. కీరవాణిగారు పుట్టింది కొవ్వూరు. గోదారి గట్టు మనిషి. మావాళ్ళ అలవాటే ఆయన సూటు వేసుకుని చేశారు, అంతే! అంతకు మూడేళ్ళ ముందు, కరోనా రోజుల్లో, తన 'స్టూడెంట్ నెం.1' పాట వరసలోనే జాగ్రత్తలు చెబుతూ కొత్త మాటలు కట్టి పాడి వినిపించారు కూడా.

అసలు యీ గోదారి గట్టున ఆ అలవాటుకి వయసు తక్కువేం కాదు. సహాయ నిరాకరణ రోజుల్లో గరిమెళ్ళ సత్యనారాయణగారు తెల్లదొరతనం వద్దంటూ పాట కట్టి పాడితే సర్కారు ఆయన్ని జైల్లో పెట్టింది. నాటి వార్తలన్నీ ఆ పాటలో వున్నాయి. జనం నోటికి పట్టే వరస గనకనే జైలు. అదే సంగతి వ్యాసంగా రాస్తే అంత భయపడేవారు కాదేమో! ఆ మహానుభావుడు 1952లో దారిద్ర్యంలో పోయాడు. పాట కట్టి బాగుపడినవాళ్ళు అప్పుడూ తక్కువే.

మాకు దగ్గర్లోని పులిదిండి పేరు సినిమా అభిమానులకి కొత్త కాదు. బాపుగారి మొదటి సినిమా 'సాక్షి' (1967) షూటింగు అక్కడే జరిగింది. బల్లకట్టు నడిపే అమాయకుడిగా కృష్ణగారు, పక్కన విజయనిర్మలగారు, రచన ముళ్ళపూడి వెంకటరమణగారు. చుట్టుపక్కల వూళ్ళ జనం విరగబడి చూశారని మా పెద్దలు యిప్పటికీ చెప్పుకుంటారు. ఆ షూటింగు మీద మా అమ్మమ్మ యీడు ఆడవాళ్ళు ఓ పాట కట్టారట. రిఫ్లెక్టర్లు చూసి, యెండని అట్టముక్కతో పట్టి మొహాన కొడుతున్నారని అందులో వుందట. ఆ ఒక్క ముక్కే మిగిలింది. పల్లవి లేదు, చరణాలు లేవు, యే వరసో కూడా యెవరికీ గుర్తు లేదు. సినిమాకి నెగెటివ్ వుంది, పోస్టరు వుంది, తారీఖు వుంది. దాన్ని చూసినవాళ్ళు కట్టుకున్న పాటకి అట్టముక్క మిగిలింది!

నన్ను తొలిచేస్తున్నది యిదే.

ఫోను వచ్చింది... పాట?

ఫోన్లొచ్చాక యీ పాటలకి మంచి రోజులొస్తాయనుకున్నాం. కొందరికి వచ్చాయి. రంగంపేట మండలం వడిసలేరులో కూలిపని చేసుకునే పసల బేబీగారు 2018లో 'ప్రేమికుడు' పాట పాడితే ఆ వీడియో వూళ్ళు దాటిపోయింది. 2020లో 'పలాస 1978'లో రఘు కుంచె సంగీతంలో బాలుగారితో కలిసి పాడారావిడ. వింటుంటే ఒళ్ళు పులకరిస్తుంది. కాని గమనించండి. ఫోను ఆవిడ గొంతుని పట్టుకుంది, ఆ గొంతు మోసింది సినిమా పాటనే. యింట్లో కట్టిన మాటకి అంత అదృష్టం పట్టడం అరుదు. కింద పేరు వెయ్యడానికి పేరుండదు గదా.

2022 జూలైలో గోదావరి మళ్ళీ వచ్చింది. భద్రాచలంలో 71.3 అడుగులు. లంకలు మునిగాయి. అప్పటికి మూడు నెలల క్రితమే, ఏప్రిల్ 4న, మేం తూర్పు గోదావరి నుంచి విడిపోయి కోనసీమ జిల్లా అయ్యాం, తరవాత అంబేద్కర్‌గారి పేరు చేరింది. ఆ వరద మీద మా వీధిలో వీడియోలు తియ్యనివాడు లేడు. గట్టు మీద నించుని తీసినవి, పడవలోంచి తీసినవి, డాబా మీంచి తీసినవి. మొన్న ఆ వీడియోల కోసం అడిగాను. ఫోను మారిందన్నాడొకడు. నిండిపోతే తుడిచేశానన్నాడు మరొకడు. పాట కట్టారా అంటే, యెందుకండీ, వీడియో వుందిగా అన్నారు! 1986 వరదకి వున్న మిఠాయి 2022 వరదకి లేదు. పిన్నిని అడిగితే, "అందరూ చూస్తున్నారు కదా, యిహ చెప్పేదేముందని వూరుకున్నా" అంది.

అప్పుడే నిర్ణయించుకున్నాను, పిన్ని పాటలన్నీ రికార్డు చేద్దామని. నాలుగు మధ్యాహ్నాలు కూచున్నాం. యిరవై రెండు పాటలు దొరికాయి. కొన్నిట్లో చరణం మధ్యలో ఆగిపోయి, "తరవాతేంట్రా..." అని కుట్టుమిషను వైపు చూస్తుంది. మిషను తొక్కితే వొక్కోసారి గుర్తొస్తుంది, వొక్కోసారి రాదు. రాని చోట కాగితం మీద ఖాళీ వదిలేశాను.

ఒక్క పాట మాత్రం యివ్వనంది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను పాట. దీపావళికి నాలుగు రోజుల ముందు. ఐ.పోలవరం, కాట్రేనికోన వైపు వూళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరిచెట్లకి లెక్కే లేదు. పిన్నితో కలిసి చదువుకున్న స్నేహితురాలు సముద్రం పక్క వూరికి కోడలుగా వెళ్ళింది. ఆ రాత్రి పోయింది. పిల్లాడు బతికాడు. అతనిప్పుడు నాకన్నా కాస్త పెద్ద. ఏటా దీపావళి ముందు రావులపాలెం వచ్చి, పిన్ని గుమ్మంలో కూచుని ఆ పాట విని వెళతాడు. పాట కోసమే వస్తాడు. అతనికి అమ్మ మొహం సరిగ్గా గుర్తు లేదు. ఆవిడ జడ యెలా వేసుకునేదో, యెవర్ని యెలా వెక్కిరించేదో అంతా ఆ పాటలో వుందట. దానికి సినిమా వరస లేదు. పిన్ని కట్టిన వాటిల్లో సొంత వరస వున్నది అదొక్కటే.

"ఫోన్లో పెట్టనులే పిన్నీ, కాగితం మీద రాసుకుంటా" అన్నాను.

"ఆ పాట వినేవాడు ఒకడున్నాడు. వాడు వింటున్నాడు. యింకెవరు వినాలి?" అంది.

"రేపు నువ్వు లేకపోతే అతనికి యెవరు పాడతారు?" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడే అందుకుంది. "పోయినేడు వాడే పాడాడు. నేను విన్నాను."

జర్నలిస్టుగా నాకు ఆ పాట కావాలి. కోనసీమ తుఫాను మీద యింత దగ్గరి సాక్ష్యం మరో చోట దొరకదని నా నమ్మకం. అయినా యిరవై రెండుతోనే లేచాను. ఆవిడ మాటే సబబని తోచింది. మిగతా యిరవై రెండూ యెక్కడ పెట్టాలో మాత్రం యింకా తేల్చుకోలేదు. నా దగ్గర వొక నోటు పుస్తకం, దానికో జిరాక్సు వున్నాయి. జిరాక్సు పిన్ని మనవరాలికిచ్చాను. ఆ పిల్ల ఇంటరు చదువుతోంది. ఖాళీలున్న చోట తన మాటలు పెట్టేస్తోందని పిన్ని ఫిర్యాదు.

"తప్పా పిన్నీ?"

"తప్పని కాదు. ప్రాస కుదరటం లేదు దానికి."

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, యీ వ్యాసానికి యెంతిస్తారని అడిగింది. చెప్పాను. జాలిపడింది. తరవాత మిషను దగ్గరికి వెళుతూ, వీధిలో వున్న నాకు వినపడేలా అందుకుంది:

రాసేవాడు వొకడొచ్చాడు, రెండు కాఫీలు తాగాడు
పేరు వద్దు మొర్రో అంటే పేజీ నిండా రాస్తాడు

మూడో పాదం పత్రిక చేతికొచ్చాక కడతానంది.