పండుగ చెట్టు

పండుగకూ చెట్టుకూ గల అనుబంధం అనాదిగా వస్తున్నది. దసరానాడు జమ్మి, వినాయకచవితినాడు 21 రకాల పత్రి, ఉగాదినాడు మామిడి తోరణం మన ఇళ్ళకు చేరుతాయి. అట్లాగే డిసెంబరు నెలలో క్రైస్తవ గృహాలలో క్రిస్మస్ చెట్టు వెలుస్తుంది. అది నేలలో పెరిగినదే కావాలా, మనిషి తయారుచేసినదైనా చాలునా అన్నది నేడు ఆలోచింపదగిన ప్రశ్న.

ఈ ఆచారం 16వ శతాబ్దం నాటికే జర్మన్ ప్రాంతాలలో ఉన్నది. 1848లో లండన్ నగరపు సచిత్ర పత్రిక ఒకటి, అలంకరించిన చెట్టు చుట్టూ విక్టోరియా రాణి కుటుంబం నిలిచిన చిత్రాన్ని ప్రచురించింది. ఆ తరువాత ఇంగ్లండులో ఈ ఆచారం విశేషంగా వ్యాపించింది. అక్కడ వాడే ఫర్, స్ప్రూస్ వృక్షాలు మంచుకాలంలోనూ పచ్చగా ఉంటాయి. అందుకే అవి తరగని జీవానికి ప్రతీకలైనాయి. కృత్రిమ వృక్షం కూడా జర్మనీలోనే పుట్టింది. 19వ శతాబ్దంలో బాతు జాతి పక్షుల ఈకలకు ఆకుపచ్చ రంగు అద్ది, తీగలకు చుట్టి చెట్లను తయారుచేశారు. అడవులు తరిగిపోతున్నాయన్న చింత ఇందుకు ఒక కారణం.

హైదరాబాదు శివారులో, రాజేంద్రనగర్‌కు చేరువనున్న బుద్వేల్‌ను ఉదాహరణగా తీసుకొందాం. దక్కను పీఠభూమి ఎండలకు ఫర్, స్ప్రూస్ వృక్షాలు నిలువవు. కనుక ఇక్కడ నిజమైన చెట్టు అంటే నరికి తెచ్చిన సరుగుడు కొమ్మ, లేదా కుండీలో పెరిగే ఆరోకేరియా మొక్క. సరుగుడు కోస్తా ఇసుక నేలలలో విరివిగా పెరుగుతుంది. నరికిన కొమ్మ కొద్దిరోజులలోనే ఎండిపోతుంది. ఎండిన కొమ్మకు నిప్పు సులభంగా అంటుకొంటుంది. పసిఫిక్ ద్వీపాలకు చెందిన ఆరోకేరియాకు మంచి వెలుతురు అవసరం. ఒకనాటి పల్లె అయిన బుద్వేల్ నేడు మహానగరంలో కలిసిపోతున్నది. 2023లో ఇక్కడి భూములను హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ వేలం వేసింది. పెరడు లేని అపార్టుమెంట్లలో నివసించేవారు కృత్రిమ వృక్షం వైపు మొగ్గడం సహజమే.

అయితే కృత్రిమ వృక్షం నిర్దోషమైనది కాదు. దానిని ఎక్కువగా పి.వి.సి. ప్లాస్టిక్కుతో, ఉక్కు తీగలతో తయారుచేస్తారు. ఆ ప్లాస్టిక్కు మట్టిలో కలియదు. బ్రిటన్‌లోని కార్బన్ ట్రస్ట్ అంచనా ప్రకారం రెండు మీటర్ల కృత్రిమ వృక్షం వలన సుమారు 40 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన ఉద్గారాలు వెలువడతాయి. అంతే ఎత్తుగల నిజమైన చెట్టును పండుగ తరువాత చెత్తకుప్పలో పూడ్చితే 16 కిలోలు, కాల్చివేస్తే 3.5 కిలోలు వెలువడతాయి. ఈ లెక్కన, ఏటా కాల్చివేసే చెట్టుతో పోల్చినప్పుడు, కృత్రిమ వృక్షం పన్నెండు పండుగలైనా చూస్తేనే దాని ఋణం తీరుతుంది. ఈ అంకెలు బ్రిటన్‌వి. మన సరుగుడు కొమ్మకు యథాతథంగా అన్వయించవు. కాని ఎన్నేళ్ళు వాడితే అంత మేలన్న సూత్రం ఎక్కడైనా ఒక్కటే.

వినాయకచవితి విగ్రహాలతో పోల్చి చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమౌతుంది. మట్టి విగ్రహం నీటిలో కరిగి మట్టిలో కలుస్తుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహం సులభంగా కరగదు. పైగా ఏటా కొత్తది కావాలి. అక్కడ కృత్రిమత్వం వలన ఏటేటా హాని పెరుగుతుంది. కృత్రిమ వృక్షానికి నిమజ్జనం లేదు. జాగ్రత్తగా మడిచి, పెట్టెలో భద్రపరచి, మరుసటి డిసెంబరులో మళ్ళీ నిలబెట్టవచ్చు. రెండేళ్ళకే రంగు వెలసిందనో, పొరుగువారి చెట్టు పెద్దదనో దానిని పారవేస్తే మాత్రం ఆ మేలంతా వృథా అవుతుంది.

వెలుతురున్న వాకిలి గలవారు ఆరోకేరియాను పెంచుకొని, ఏటా ఆ మొక్కనే అలంకరించుకోవచ్చు. ఆ వసతి లేనివారు ఇంటికి తగిన పరిమాణంలో, గట్టిదైన కృత్రిమ వృక్షాన్ని ఒక్కసారి కొనుక్కోవడం మంచిది. తల్లిదండ్రులు కొన్న చెట్టుకు పిల్లలు పెద్దవారైన తరువాత కూడా దీపాలు అలంకరించగలిగితే, ఆ ఎంపిక సార్థకమైనట్లే.