గోమారి కాళ్లు చూశారా?

పోతిరెడ్డిపల్లి చుట్టుపక్కల ఎన్ని ఫ్యాక్టరీలు వచ్చినా, ఇంటి వెనుక ఒక ఆవునో రెండు బర్రెలనో కట్టుకున్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. పాలు పిండే ముందు పొదుగు దగ్గరి గోమార్లను పీకి గోటితో చిదిమేయడం చాలామందికి అలవాటు. ఆ అలవాటు మానమని చెప్పడానికే ఈ నెల గోమార్ల గురించి రాస్తున్నాము.

కొందరు వీటిని పిడుదులు అంటారు. ఇవి పురుగులు కావు, సాలీడుకు దగ్గరి చుట్టాలు. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఆరు కాళ్లు, పెరిగిన దానికి ఎనిమిది కాళ్లు ఉంటాయి. పశువుల మీద కనిపించే గట్టి గోమారికి వీపు మీద పెంకు ఉంటుంది. మగదానికి ఆ పెంకు వీపంతా కప్పుతుంది, ఆడదానికి తల వెనుక కొంచెమే. అందుకే ఆడది రక్తం తాగి ఆముదం గింజంత ఉబ్బగలదు. ఆ ఉబ్బినదే కింద రాలి, వేల గుడ్లు పెడుతుంది.

మన పశువుల మీద ముఖ్యంగా రెండు రకాలు చూస్తాము. ఒకటి బూఫిలస్. దీని మూతి చాలా పొట్టి, కాళ్లు పాలిపోయిన ఒకే రంగు. గంగడోలు, మెడ, పొట్ట కింద గుంపుగా పడుతుంది. రెండవది హయలోమా. దీని మూతి పొడవు, పైనుంచి చూసినా ముందుకు పొడుచుకొని కనిపిస్తుంది. ముదురు గోధుమ రంగు ఒళ్లు, పొడవాటి కాళ్ల మీద తెల్లని పట్టీలు. చెవుల్లో, పొదుగు దగ్గర, తోక కింద వెతకండి. రక్తం తాగి ఉబ్బాక రెండూ ఒకేలా అనిపిస్తాయి కాబట్టి ఒంటిని కాదు, మూతిని, కాళ్లను చూడాలి. పిల్లల పుస్తకాల సంచిలోని భూతద్దం చాలు.

ఈ తేడా ఎందుకంటే, బూఫిలస్ పిల్ల దశ నుంచి దాదాపు మూడు వారాలు ఒకే పశువు మీద గడుపుతుంది. పశువుకు మందు పట్టిస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది. హయలోమా అలా కాదు, మధ్యలో రాలి కొట్టం గోడల పగుళ్లలో దాక్కుని మళ్లీ ఎక్కుతుంది. పగుళ్లు పూడ్చకుండా పశువుకు ఎన్నిసార్లు మందు కొట్టినా డబ్బు దండగే.

జబ్బులూ వేరు. బూఫిలస్ వల్ల బబీసియా వచ్చి మూత్రం కాఫీ రంగులో పడుతుంది. గోమారి ఈ జబ్బును మోస్తుందని అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ 1893లోనే చూపారు. సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా దోమను పట్టుకున్నది ఆ తర్వాత నాలుగేళ్లకు. హయలోమా వల్ల థైలీరియా వస్తుంది. తీవ్ర జ్వరం, భుజం ముందు గడ్డ వాపు. సంకరజాతి ఆవులు, దూడలు దీనికి త్వరగా పోతాయి. దీనికి హైదరాబాదు ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ వారి రక్షవాక్-టి టీకా ఉంది, పశువైద్యుణ్ణి అడగండి.

హయలోమా మనుషులకూ ప్రమాదమే. 2011 జనవరిలో గుజరాత్‌లో అహ్మదాబాద్ దగ్గరి గ్రామంలో క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరం బయటపడింది. రోగితో పాటు ఆమెకు వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా చనిపోయారు. ఈ వైరస్ గోమారి కాటుతోనే కాదు, దాన్ని చిదిమినప్పుడు చేతి గాయంలోకి పోయే రక్తంతోనూ వస్తుంది. ప్రతి గోమారిలో వైరస్ ఉంటుందని కాదు. కానీ చూసి చెప్పలేము.

కాబట్టి పీకేటప్పుడు చేతికి గ్లౌజు గానీ ప్లాస్టిక్ సంచి గానీ తొడగండి. తీసినవాటిని సబ్బునీళ్ల డబ్బాలో వేసి మూత పెట్టండి. మీ ఒంటికే పట్టుకుంటే కిరోసిన్ పోయవద్దు, అగ్గిపుల్లతో కాల్చవద్దు. చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలి తిప్పకుండా నిటారుగా లాగి, సబ్బుతో కడగండి. పశువులకు వాడే గోమారి మందు కూడా విషమే. డబ్బాను వంటింటి గూట్లో పెట్టవద్దు, ఖాళీ అయినా నీళ్లకు వాడవద్దు.

గోమారి కరిచిన లేక చిదిమిన రెండు వారాల్లోపు జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి రండి. ఓపీలో కూర్చోగానే, మేము అడగకపోయినా సరే, ఆ మాట ముందు చెప్పండి.