మళ్లీ పిల్లిని తెచ్చుకునే ముందు...

మా నూజివీడులో వేసవి వచ్చిందంటే ఇంట్లో ఒక గది మామిడికాయలదే. వరిగడ్డి పరిచి చిన్న రసాలు ముగ్గవేస్తాం. ఆ గడ్డిలో ఎలుకలు చేరతాయి. వాటి కోసమే చిన్న కూనగా మా ఇంటికి వచ్చింది బుజ్జమ్మ. ఒంటి మీద పసుపు చారలు, గడ్డి మీదే పడక. ఎనిమిది నెలల్లో ఇంట్లో మనిషైపోయింది. పిల్లి కోసం ఇంత కథా అనుకోకండి. పెంచినవాళ్లకు తెలుస్తుంది.

2022 మే నెలలో ఓ రోజు బుజ్జమ్మ పాలు ముట్టలేదు. ఎండకి తాళలేకపోతోందిలే అనుకున్నాను. రాత్రికి వాంతులు, తెల్లారేసరికి విరేచనాలు. నీళ్ల గిన్నె ముందు తల వాల్చి కూర్చుందే గానీ గుక్కెడు తాగలేదు. ఎలుకల మందు తినేసిందేమోనని పక్కింటివాళ్లను మనసులో తిట్టుకున్నాను కూడా. మూడోనాడు బుట్టలో పెట్టుకుని గన్నవరం పశువైద్య కళాశాలకు బయలుదేరాం. హనుమాన్ జంక్షన్ రాకముందే నా ఒళ్లోనే ప్రాణం వదిలింది.

మా అమ్మాయి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. అది చూడలేక, ఇరవై రోజులు తిరక్కుండానే తెలిసినవాళ్లింట్లో ఓ కూనను అడిగి తెచ్చేశాను. బుజ్జమ్మ బుట్టే, బుజ్జమ్మ గిన్నే దానికీ పెట్టాను. వారం తిరిగేసరికి అవే వాంతులు. దొడ్లో మామిడిచెట్టు కింద మావారు రెండో గొయ్యి తీశారు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ కూన పోయింది నా తొందరవల్లేనని తర్వాత తెలిసింది.

పశువైద్యుణ్ణి అడిగితే ఇది పాన్‌ల్యూకోపేనియా అన్నారు. కుక్కల్ని పట్టే పార్వో వైరస్‌కు దగ్గరి చుట్టమట. పేగుల లోపలి పొరనూ, ఎముక మజ్జనూ దెబ్బతీసి, రక్తంలో తెల్లకణాలను తగ్గించేస్తుంది. కూనలకు మరీ ప్రమాదం. మనుషులకు సోకదు గానీ మన చెప్పులకూ, బట్టలకూ, చేతులకూ అంటుకుని ఇంట్లోకి వచ్చేస్తుంది. ఇంటి మూలల్లో ఏడాది దాకా కూడా బతికుండగలదు.

"రోజూ ఫినాయిల్‌తో తుడిచానండీ!" అన్నాను. ఫినాయిల్‌కి ఈ వైరస్ లొంగదట. పైగా పిల్లులకు ఫినాయిల్ మంచిది కాదట.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే, "పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని ఊరికే అన్నారా? దానికున్న జాగ్రత్త మనకు లేకపోయింది" అన్నారు మా అత్తయ్య.

పాత బుట్ట, గోనెపట్టా, గడ్డి కాల్చేశాం. గిన్నె పారేశాం. నేలంతా ముందు సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాత బట్టలకు వాడే బ్లీచ్ ఒక వంతుకు ముప్పై రెండు వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు తడి ఆరకుండా ఉంచి, మళ్లీ మంచినీళ్లతో కడిగాం. దొడ్లో మట్టినేలను అలా కడగలేం కదా! అందుకే ఏడాది ఆగాం. మా అమ్మాయికి నచ్చచెప్పడం ఈ కడుగుళ్లన్నిటికంటే కష్టమైంది.

2023లో మా ఆడపడుచు ఇంట్లో పిల్లి ఈనింది. ఈసారి కూనను వెంటనే తేలేదు. టీకాలన్నీ అయ్యేదాకా తల్లి దగ్గరే ఉంచమన్నాను. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా. తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. ఏడాదికి మళ్లీ ఒకటి. చివరి టీకా వేశాక ఇంకో రెండు వారాలు ఆగి తెచ్చుకున్నాం.

తెచ్చిన రోజు మా అమ్మాయి దాన్ని ముట్టుకోలేదు. "బుజ్జమ్మ ఏమనుకుంటుందో అమ్మా" అంది. నాకూ గొంతు పట్టేసింది. "దీన్నైనా జాగ్రత్తగా చూసుకుంటే ఏమీ అనుకోదులే" అన్నాను.

మీ ఇంట్లోనూ ఇలాగే పిల్లి పోయి ఉంటే, దుఃఖం తీరక ముందే ఇంకోదాన్ని తెచ్చుకోవాలనిపిస్తుంది. తప్పేం లేదు, తెచ్చుకోండి. కానీ ముందు టీకా, ఆ తర్వాతే మీ గడప.

మా కొత్తదాని పేరు మల్లి. దాని టీకాల కార్డు రేషన్ కార్డు పక్కనే దాచాను. ఇప్పుడు రసాలు ముగ్గవేసిన గడ్డి మీద అదే పడుకుంటోంది.