ఆటల కంప్యూటరు – గృహిణి తెలిసికొనవలసిన సంగతులు

ఇంటికి వచ్చు ప్రతివస్తువును పరీక్షించి గైకొనుట గృహిణికి సహజధర్మము. కందిపప్పు కొనునప్పుడు గుప్పెడు తీసి చూతుము. కుండ కొనునప్పుడు వ్రేలితో కొట్టి విందుము. పట్టుచీర కొనునప్పుడు జరీ వెలుతురునకు పట్టి పరికింతుము. అట్టి మనమే వేలకొలది రూపాయలు వెచ్చించి పిల్లలకై కొను కంప్యూటరు విషయమున మాత్రము “అది మనకు తెలియదు, మగవారు చూచుకొందురు” అని తప్పుకొనుచున్నాము. ఇందువలన ధననష్టమే కాక, మనయింట నేమి జరుగుచున్నదో మనకే తెలియని స్థితియు కలుగుచున్నది. కావున విడిభాగముల నేర్చి కూర్పించుకొను ఆటల కంప్యూటరును గూర్చి మాకు తెలిసిన సంగతులను సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

మా యింటివారు ఉపాధ్యాయులు. చీటీ యెత్తగా వచ్చిన సొమ్ములో అమ్మాయి కళాశాల రుసుము పోగా మాకు 50,000 రూపాయలు మిగిలెను. అబ్బాయి కోరిన యంత్రమునకు 80,000 కావలెను. మిగిలిన 30,000లకై నెలవాయిదాలపై కొనుటయో, మా గాజులు కుదువపెట్టుటయో యను మాటలు వచ్చినవి. అప్పుచేసి ఆటవస్తువు కొనుట మాకు సమ్మతము కాలేదు. పిల్లవాని కోరికను తుదముట్ట త్రోసివేయుటయు సమ్మతము కాలేదు. అంతట మేమే కూర్చుండి, పిల్లలచేత ఒక్కొక భాగము పని యేమో చెప్పించుకొని, కాగితముపై వ్రాసికొంటిమి. అట్లు వ్రాసికొన్న దానినే ఇచ్చట తెలుపుచున్నాము.

అంగడిలో సిద్ధముగా దొరకు ల్యాపుటాపు ఒకే ముద్దగా పోతపోసిన విగ్రహము వంటిది. అందులో ఆటలకు ముఖ్యమైన భాగములను పిమ్మట మార్చుటకు సాధారణముగా వీలులేదు. కూర్పించుకొన్న కంప్యూటరన్ననో మనయింటి రోలు, రోకలి, చేట, జల్లెడవలె విడివిడి వస్తువుల కూటమి. ఒకటి చెడినచో దానినే మార్పించుకొనవచ్చును. డబ్బు చేతికి వచ్చినప్పుడు ఒకదానిని పెద్దదిగా చేసికొనవచ్చును. మధ్యతరగతి కుటుంబములకు ఇదియే దాని ముఖ్యగుణము.

వెచ్చింపదలచిన సొమ్మును పదునాఱణాలుగా భావించినచో ఆటల యంత్రమునకు మా పంపకము ఇట్లుండెను: గ్రాఫిక్స్ కార్డునకు ఆఱణాలు, ప్రాసెసరునకు మూడణాలు, మదర్‌బోర్డునకు రెండణాలు, ర్యామునకు అణాన్నర, ఎస్‌.ఎస్‌.డి.కి అణాన్నర, ఎస్‌.ఎమ్‌.పి.ఎస్‌.కు ఒకణా, క్యాబినెట్టునకు ఒకణా. 80,000లకు అణా యనగా 5,000 రూపాయలు. తెఱ, మీటలపలక, మౌసు, యు.పి.ఎస్‌. ఈ లెక్కకు వెలుపల.

గ్రాఫిక్స్ కార్డు:— ఆటలోని బొమ్మలను క్షణక్షణమునకు చిత్రించునది ఇదియే. పాండవులకు మయుడు కట్టిన సభలో నేల నీరువలెను, నీరు నేలవలెను తోచెనందురు. ఆ మయునిపని యిచ్చట ఈ కార్డుది. మామూలు తెఱపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును; అనగా మొత్తము 20,73,600 చుక్కలు. వీనిని క్షణమునకు 60 మాఱులైన తిరిగి గీచినగాని ఆట నున్నగా సాగదు. ‘నాలుగు కె’ తెఱకు చుక్కలు దీనికి సరిగా నాలుగింతలు. కావున కార్డు బలమును ఆ మేరకు పెరుగవలెను. 1999లో ఎన్‌విడియా సంస్థ జీఫోర్స్ 256 అను చిప్పును వెలువరించి దానికి ‘జి.పి.యు.’ అని పేరుపెట్టినది మొదలు ఈ పేరు లోకమున వాడుకయైనది. ముందు తెఱను నిశ్చయించి, పిదప కార్డును ఎన్నుకొనవలెను. మామూలు తెఱకు అన్నిటికంటె పెద్దకార్డు కొనుట ఇద్దఱున్న యింటికి పెండ్లిగుండిగ కొనుటవంటిది.

పాతకార్డు చవుకగా వచ్చునని ఎవరైన చెప్పినచో జాగ్రత్త వహింపవలెను. ఈథీరియమను అంకెలనాణెమును త్రవ్వుటకై ఏండ్లతరబడి రేయింబవళ్లు ఈ కార్డులను కాల్చిరి; 2022 సెప్టెంబరులో ఆ పద్ధతి నిలిచిపోగా అవి పెక్కులు అంగళ్లకు వచ్చినవి. పైకి తుడిచియుంచినను లోపలి పంకాలు ఎంత అరిగినవో మనకు కానరాదు.

ప్రాసెసరు, మదర్‌బోర్డు:— యంత్రమునకు బుద్ధి ప్రాసెసరు. ఇంటెల్, ఎ.ఎమ్‌.డి. అను రెండు సంస్థలవి మన అంగళ్లలో దొరకును. ఆటలకు ఆఱు కోర్లున్నది చాలవఱకు సరిపోవును. పేరు చివరనుండు అక్షరమును చూడుడు: ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ ఉన్నచో దానిలో బొమ్మలు చూపు శక్తి లేదని యర్థము, గ్రాఫిక్స్ కార్డు లేనిదే తెఱ వెలుగదు. ఎ.ఎమ్‌.డి. రైజెన్ పేరు చివర ‘జి’ ఉన్నచో కార్డు లేకయే చిన్న ఆటలాడుటకు తగిన శక్తి దానిలోనే యుండును. ఇంటెల్ వారి 13వ, 14వ తరముల ప్రాసెసర్లలో కొన్ని అస్థిరముగా పనిచేయుచున్నవని 2024లో బయటపడగా, ఆ సంస్థ వారంటీని రెండేండ్లు పొడిగించినది; అట్టివి కొన్నవారు మదర్‌బోర్డులోని బయోసును క్రొత్తదిగా చేయించుకొనవలెను.

ప్రాసెసరు కూర్చుండు పీఠమును సాకెట్టందురు. ఎ.ఎమ్‌.4 సాకెట్టుది ఎ.ఎమ్‌.5లో అమరదు. ఎ.ఎమ్‌.5 బోర్డునకు డి.డి.ఆర్‌.5 ర్యామే కావలెను, డి.డి.ఆర్‌.4 దానిలో దూరనే దూరదు. ఈ పొత్తు చూడక వేఱువేఱుగా కొన్నవారు ఇంటికి వచ్చి చింతింతురు. పొందికలేని జోడింపు ఇంకొకటి కలదు: గొప్ప గ్రాఫిక్స్ కార్డునకు దుర్బలమైన ప్రాసెసరును జతచేయుట. అది కర్ణునకు శల్యసారథ్యము వంటిది. ఒకని శౌర్యము రెండవవానిచే నిష్ఫలమగును.

ర్యాము, ఎస్‌.ఎస్‌.డి.:— ర్యాము వంటగట్టు, ఎస్‌.ఎస్‌.డి. కొట్టుగది. గట్టు ఇరుకైనచో వంట సాగదు; కొట్టు చిన్నదైనచో సరకు పట్టదు. ర్యాము 16 జి.బి.కి తగ్గరాదు; అదియు పదునాఱుది ఒకటి కాక ఎనిమిదివి రెండు కొన్నచో రెండు త్రోవల రాకపోకలు జరిగి పని వేగిరపడును. ఈనాటి ఆటలలో కొన్ని ఒక్కొక్కటియే 100 జి.బి.కి మించుచున్నవి గాన ఎస్‌.ఎస్‌.డి. ఒక టి.బి. ఉండుట మేలు. కృత్రిమమేధకై పెద్దసంస్థలు జ్ఞాపకపు చిప్పులను రాసులుగా కొనుటచే 2025 చివరి మాసములలో ర్యాము ధర విపరీతముగా పెరిగెను. అట్టి సమయమున అణాన్నర చాలదు. ఆ లోటును గ్రాఫిక్స్ కార్డు వంతులోనుండి పూడ్చుకొనవలెనే కాని, ఈ క్రింద చెప్పబోవు దానినుండి కాదు.

ఎస్‌.ఎమ్‌.పి.ఎస్‌.:— గోడలోని 230 వోల్టుల విద్యుత్తును యంత్రమునకు తగినట్లు మార్చి పంచునది ఇది. ఇంటిలో అన్నము వడ్డించు తల్లివంటిది. ఎవరి కంటను పడదు, అది చెడినచో అందఱును పస్తులే. మేమును మా అమ్మాయియు భాగముల కొఱకు వెళ్లినప్పుడు ఒక అంగడివాడు “అమ్మా, క్యాబినెట్టుతో ఇది ఊరకనే వచ్చును, వేఱొకటి యెందుకు?” అనెను. మా అమ్మాయి దానిని చేతితో ఎత్తి చూచి, పై చీటీ చదివి, “దీనిమీద వాట్లు వ్రాసినారు కాని 12 వోల్టుల త్రోవలో ఎన్ని ఆంపియర్లో వ్రాయలేదే అన్నా” అని అడిగెను. అతడు మాఱుమాటాడక మంచిది చూపెను. ఇట్లు ఊరక వచ్చిన దానిని వాడిన మా యెఱుకలోని యొక యింట, కరెంటు పోయి వచ్చిన యొక సాయంకాలము అది కాలిపోవుటయే కాక మదర్‌బోర్డును గూడ కాల్చినది.

‘80 ప్లస్’ అను ముద్ర 2004లో మొదలైనది. అది విద్యుత్తు ఎంత వృథాపోకుండ పనికివచ్చునో తెలుపును. నూటికి ఎనుబది పాళ్లు పనికివచ్చుననగా, లోపల 300 వాట్లు కావలసినప్పుడు గోడనుండి 375 లాగి, 75 వాట్లను వేడిగా వెదజల్లునన్న మాట. ఆ ముద్ర పొదుపునకే కాని భద్రతకు పూచీ కాదు. పేరుగల సంస్థదై, అయిదేండ్ల వారంటీ కలదియైనచో మంచిది.

మన రాయలసీమకు ఇంకొక మాట. మూడు కాళ్ల ప్లగ్గులో పెద్దకాలు ఎర్తుకు పోవును. వేసవిలో మన నేల బీటలువాఱునప్పుడు ఎర్తుగుంత ఎండి, విద్యుత్తు భూమిలో ఇంకు దారి సన్నగిల్లును. క్యాబినెట్టు తాకగానే చురుక్కుమన్నచో ఇది యొక కారణము. గుంతలో బొగ్గు, ఉప్పు వేయించి, వేసవిలో అప్పుడప్పుడు బిందెడు నీరు పోయించుచుండవలెను. తులసికోటకు పోసినట్లే దీనికిని ఒక చెంబు మఱువకుడు.

క్యాబినెట్టు, చల్లదనము:— ఏ పంకాయును ప్రాసెసరును గదిగాలికంటె చల్లగా చేయజాలదు. గది 25 డిగ్రీలున్నప్పుడు 70 డిగ్రీలుండు ప్రాసెసరు, కర్నూలు, కడపల వేసవిలో గది 38 డిగ్రీలైనప్పుడు సుమారు 83కు చేరును, మఱికొంత పెరిగినచో తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును, ఆట తడబడును. కావున ముందువైపు అద్దము, రంగుదీపములు గల క్యాబినెట్టు అందమునకేగాని మన ఊళ్లకు తగదు. ముందు జల్లెడ, లోపల కడుగుటకు వీలగు వడపోత, గాలి లోనికి దెచ్చుటకు రెండు పంకాలు, వెలికి పంపుటకు ఒకటి యుండవలెను. కార్డు పొడవును క్యాబినెట్టు లోపలి కొలతతో సరిచూచుకొనుడు. యంత్రమును నేలపై కాక కడపరాతి అఱపైనో బల్లపైనో, గోడకు జానెడు ఎడముగా ఉంచుడు. పక్షమున కొకసారి వడపోత దులుపుడు.

యు.పి.ఎస్‌., కరెంటు లెక్క:— 600 వి.ఎ. అని వ్రాసిన యు.పి.ఎస్‌. సాధారణముగా 360 వాట్లే యీయగలదు. ఆటలయంత్రమునకు 1000 వి.ఎ. అయిన కావలెను. అది ఆట కొనసాగించుటకు కాదు, చేసిన పని భద్రపఱచి యంత్రమును క్రమముగా ఆపుటకు. 350 వాట్లు లాగు యంత్రముపై దినమునకు 3 గంటలు ఆడినచో నెలకు 31 లేక 32 యూనిట్లు కాలును. వాడకము హెచ్చిన కొలది యూనిటు వెలయు హెచ్చును గాన, ఈ లెక్క పిల్లలకు ముందే చెప్పవలెను.

కర్నూలువారు సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడు సెంటరునకును, కడపవారు చెన్నపట్టణము రిచీ వీధికిగాని బెంగుళూరు ఎస్‌.పి. రోడ్డునకుగాని పోయి కొనవచ్చును. ఎచ్చట కొన్నను ప్రతి భాగమునకు జి.ఎస్‌.టి. బిల్లు, దానిపై సీరియలు సంఖ్య ఉండవలెను. పెట్టెలేని ప్రాసెసరు తీసికొనరాదు.

మా యింట జరిగినదేమన: 30,000ల గ్రాఫిక్స్ కార్డును ఆపితిమి. ‘జి’ అక్షరము గల రైజెన్ ప్రాసెసరు, ఎ.ఎమ్‌.5 బోర్డు, రేపటి కార్డునకు గూడ చాలునట్టి ఎస్‌.ఎమ్‌.పి.ఎస్‌., వెడల్పైన క్యాబినెట్టు 50,000లలో కొని, ఇంటనున్న టీవీకే తగిలించితిమి. గాజులు చేతులకే యున్నవి. “ఆడపిల్లకేల ఈ మరలపని?” అని బంధువులొకరు నవ్విరి. ఆ ఆడపిల్లయే క్యాబినెట్టు ఇనుమును ముట్టి ఒంటిలోని విద్యుత్తును పోగొట్టుకొని, కందిగింజంత లేపము ప్రాసెసరుపై నుంచి, ఒక పూటలో యంత్రమును కూర్చెను; తమ్ముడు మరచీలలు అందించెను. పగలు ఆమె తన పాఠముల చిత్రములు గీచుకొనును, సాయంకాలము వాడు ఆడుకొనును. కార్డు కొఱకు నెలకింతయని వాడే డబ్బాలో వేసికొనుచున్నాడు.

తుదకొక హెచ్చరిక. ఆట వేఱు, జూదము వేఱు. ధర్మరాజంతటివాడు పాచికలయెదుట రాజ్యమును, తమ్ములను, ఆలిని ఒడ్డెను. మన రాష్ట్రమున ఆన్‌లైను జూదమును 2020లో నిషేధించిరి. డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించు చట్టము 2025 ఆగస్టులో వచ్చినది. అదే చట్టము ఇ-స్పోర్ట్సును క్రీడగా గుర్తించినది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో వానికి పతకములు గూడ ఇచ్చిరి. కాబట్టి ఆటనెల్ల నిందింపనక్కఱలేదు. యంత్రమును మూసిన గదిలో కాక నడింట నుంచుడు. బ్యాంకు అంకెలను దానిలో దాచనీయకుడు. లోపలి భాగములను ఎఱిగిన తల్లి ముందు పిల్లవాడు లెక్కతో మాటాడును. ఎఱుగని తల్లి ముందు మారాముతో మాటాడును. ఏది మేలో సోదరీమణులు తామే యోచింతురు గాక.