బిడ్డ పేరున వచ్చే హక్కు

దానధర్మాల ప్రస్తావన వస్తే మనం సాధారణంగా ఇచ్చేవాడి గురించే మాట్లాడుకుంటాం. జకాత్ ఎంత తీయాలి, ఎవరికి ఇవ్వాలి అన్నదే మన చర్చ. దివ్య ఖుర్ఆన్ పుచ్చుకునేవాడి వైపు నుంచి కూడా చూడమంటుంది. ధనవంతుల సంపదలో అడిగేవారికే కాక, నోరు తెరిచి అడగలేక మిగిలిపోయేవారికీ హక్కు ఉందని బోధిస్తుంది. అది దయాభిక్ష కాదు, హక్కు. అయితే ఆ హక్కు ఉందని తెలియనివాడి సంగతేమిటి? తెలిసినా కాగితం నింపలేనివాడి గతేమిటి?

నేటి ప్రభుత్వాల పన్ను వేరు, జకాత్ వేరు. ఆ రెండింటినీ కలపకూడదు. కాని పేదవాడి బిడ్డకు ఖజానాలో భాగం ఎంత అన్న ప్రశ్న మాత్రం అన్ని కాలాల్లోనూ ఒక్కటే. ఈ విషయంలో అమెరికా పన్ను విధానాన్ని పరిశీలించడం మనకు ఉపయోగకరం. హైదరాబాద్ నుంచి చికాగో వంటి నగరాలకు వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ అందరూ కంప్యూటర్ ఇంజినీర్లు కారు. టాక్సీ నడిపేవారు, దుకాణాల్లో పనిచేసేవారు, చాలీచాలని జీతంతో ముగ్గురు నలుగురు పిల్లల్ని పెంచేవారూ ఉన్నారు.

పన్ను కట్టకపోయినా రిఫండు

మన దేశంలో ఆదాయపు పన్ను రాయితీ అంటే కట్టవలసిన పన్ను తగ్గడం. పన్ను సున్నా అయ్యాక ఆ రాయితీతో ఇక పనిలేదు. అమెరికాలో 1975లో ప్రవేశపెట్టిన ‘ఎర్న్‌డ్ ఇన్‌కమ్ టాక్స్ క్రెడిట్’ అలాంటిది కాదు. కష్టపడి సంపాదించే పేద కుటుంబానికి పన్ను సున్నా అయినా, మిగిలిన క్రెడిట్‌ను రొక్కంగా చేతికిస్తారు. 2025 ఆదాయానికి సంబంధించి దీని గరిష్ఠ పరిమితి ఒక బిడ్డ ఉంటే 4,328 డాలర్లు, ఇద్దరుంటే 7,152, ముగ్గురు లేక అంతకన్నా ఎక్కువ ఉంటే 8,046 డాలర్లు. దీనికి తోడు ‘చైల్డ్ టాక్స్ క్రెడిట్’ ఉంది. 17 ఏళ్లు నిండని ఒక్కో బిడ్డకు 2,200 డాలర్లు. పన్ను లేనివారికి అందులో 1,700 వరకు నగదుగా వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. భార్యాభర్తలు, చిన్నపిల్లలు ఇద్దరు. భర్త ఒక దుకాణంలో పనిచేసి 2025లో 25 వేల డాలర్లు సంపాదించాడు. నిబంధనలన్నీ సరిపోతే ఆ కుటుంబానికి ఈ రెండు క్రెడిట్ల కింద వచ్చే మొత్తం పదివేల డాలర్లు దాటుతుంది. అంటే దాదాపు అయిదు నెలల సంపాదన! ఇంటి అద్దె బాకీ, పిల్లల చదువు, పాత అప్పులు ఎన్ని తీరతాయో ఊహించవచ్చు.

హక్కు జారిపోయే దారులు

అయినా అర్హులైన ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరు ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్ తీసుకోవడం లేదని అమెరికా పన్నుల శాఖే చెబుతోంది. తక్కువ ఆదాయం గలవారు రిటర్ను దాఖలు చేయడం తప్పనిసరి కాకపోవచ్చు. “నాకు పన్నే లేదు, రిటర్ను ఎందుకు?” అని ఊరుకుంటారు. కాని రిటర్ను వేయనిదే రిఫండు రాదు. గడచిన సంవత్సరాలది వదిలేసినవారు కూడా సాధారణంగా మూడేళ్లలోపు అడగవచ్చు. తక్కువ ఆదాయం గలవారికి, ఇంగ్లీషు సరిగా రానివారికి ఉచితంగా రిటర్ను నింపి పెట్టే ‘వీటా’ అనే స్వచ్ఛంద సేవా కేంద్రాలు అక్కడి గ్రంథాలయాల్లో, పాఠశాలల్లో పన్నుల కాలంలో పనిచేస్తాయి.

రెండవది ఆత్రం. ఈ క్రెడిట్లు అడిగినవారి రిఫండును ఫిబ్రవరి మధ్యకు ముందు విడుదల చేయరాదని 2015లో చట్టం వచ్చింది. అంతవరకు ఆగలేనివారికి రిఫండు మీద ముందుగానే డబ్బిచ్చే వ్యాపారం అక్కడ చాలా కాలంగా ఉంది. కొన్నిచోట్ల వడ్డీ, మరికొన్నిచోట్ల రకరకాల రుసుములు. పిల్లల పేరున వచ్చిన సొమ్ములో కొంత మధ్యవర్తి జేబులోకి పోతుంది. వడ్డీ హరామ్ అని తెలిసిన ముస్లిం కుటుంబం కొద్ది వారాల సహనానికి బదులు ఆ ఊబిలో కాలు పెట్టడం ఎంత విచారకరం! సంతకం పెట్టేముందు “ఇందులో వడ్డీ ఎంత, రుసుము ఎంత?” అని అడగాలి.

మూడవది అబద్ధం. క్రెడిట్ పొందాలంటే బిడ్డ సంవత్సరంలో సగం కన్నా ఎక్కువ కాలం అమెరికాలో ఆ తల్లిదండ్రుల దగ్గరే ఉండి ఉండాలి. ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్‌కు తల్లిదండ్రులకూ బిడ్డకూ ఉద్యోగార్హతగల సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉండాలి. హైదరాబాద్‌లో నానమ్మ దగ్గర పెరుగుతున్న బిడ్డను, అన్నయ్య పిల్లల్ని తన ఇంట్లో ఉన్నట్టు రాస్తే అది అబద్ధపు సాక్ష్యమే. నిర్లక్ష్యంగా తప్పు రాసినట్టు తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు ఈ క్రెడిట్ అడగకుండా నిషేధిస్తారు. లోకంలో శిక్ష అది. పరలోకంలో లెక్క వేరే ఉంది.

చట్టం చూడని పసిబిడ్డ

తప్పంతా మనుషులదే కాదు. కొన్నిసార్లు నిబంధనే బిడ్డను దూరం పెడుతుంది. హజ్రత్ ఉమర్ (ర) పాలనలో బైతుల్‌మాల్ నుంచి పిల్లలకు భృతి ఉండేది. కాని పాలు మాన్పించిన పిల్లలకే ఇవ్వాలన్నది నియమం. ఒక రాత్రి మదీనా వెలుపల బస చేసిన వర్తకుల గుడారాల దగ్గర పసిబిడ్డ ఏడుపు ఆగకపోవడం విని ఆయన తల్లిని మందలించారు. ఎదుట ఉన్నది ఖలీఫా అని ఎరగని ఆమె, భృతి కోసం బిడ్డకు తొందరపడి పాలు మాన్పిస్తున్నానని చెప్పింది. ఆ ఉదయం నమాజు చేయిస్తున్న ఖలీఫా కంఠం దుఃఖంతో పూడుకుపోయింది. వెంటనే పుట్టిన ప్రతి బిడ్డకూ భృతి అని చాటింపు వేయించారు.

అమెరికాలోనూ చైల్డ్ టాక్స్ క్రెడిట్ సంపాదనతో ముడిపడి ఉన్నందున, సంపాదన బొత్తిగా లేని ఇంటి బిడ్డకు అది అందదు. 2021లో ఒక్క ఏడాది ఆ షరతు ఎత్తివేసి, ఆరేళ్లలోపు బిడ్డకు 3,600, ఆపై 17 ఏళ్ల వరకు 3,000 డాలర్లు ఇచ్చారు. ప్రభుత్వ సహాయాన్ని కూడా లెక్కలోకి తీసుకునే కొలమానం ప్రకారం ఆ ఏడాది పిల్లల్లో పేదరికం 5.2 శాతానికి దిగింది. ఆ పెంపు, దానితోపాటు మరికొన్ని సాయాలు ఆగిపోయిన 2022లో అది 12.4 శాతానికి ఎగసింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన ‘అమ్మ ఒడి’లో పిల్లలు ఎందరున్నా తల్లికి ఒకే మొత్తం వచ్చేది. 2025 జూన్‌లో వచ్చిన ‘తల్లికి వందనం’ బడికి వెళ్లే ప్రతి బిడ్డనూ లెక్కలోకి తీసుకుంది. ఒక్క షరతు మారితే ఎన్ని ఇళ్ల పొయ్యి వెలుగుతుందో గమనించండి.

మన వంతు

మంచికి దారి చూపినవాడికీ మంచి చేసినవాడికి లభించేటంత పుణ్యం ఉందని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. విదేశాల్లో బంధువులున్నవారు ఫోన్లో కుశల ప్రశ్నలతోపాటు ఈ సంగతీ అడగండి. ఇక్కడ కూడా స్కాలర్‌షిప్ దరఖాస్తు, ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు కోసం తిరిగి తిరిగి అలసిపోయే తల్లులు ప్రతి మొహల్లాలో ఉన్నారు. జుమా నమాజు తరువాత ఒక గంటసేపు మసీదు వరండాలో కూర్చుని, అలాంటివారి కాగితాలు నింపి పెట్టే చదువుకున్న యువకులు ఇద్దరు చాలు. రూపాయి ఖర్చులేని సదఖా ఇది. నిజం రాసి, న్యాయంగా వచ్చేది అడిగి తీసుకునే ధైర్యాన్ని పేద తల్లిదండ్రులకు, వారికి తోడు నిలిచే మనసును మనకు అల్లాహ్ ప్రసాదించుగాక!